బడి మలుపు పని డైరీ

జూన్ 16

పొద్దున్నే ఏడో తరగతి అమ్మాయి సైకిలు నా షాపుకి తెచ్చారు. ముందు ఫోర్కు ఎడమ పక్కకి వంగిపోయింది, చక్రం మెలితిరిగింది, బెల్లు మాత్రం మోగుతోంది. పోయిన శుక్రవారం, బళ్లు తెరిచిన మర్నాడు, సాయంత్రం బడి వదిలాక ఆ పిల్ల రోడ్డు దాటుతుంటే మలుపు తిరిగి వచ్చిన మోటారు సైకిలు గుద్దేసింది. భుజం దగ్గర ఎముక విరిగింది. ప్రాణానికి ఏమీ కాలేదని అందరం దేవుడికి దండం పెట్టుకున్నాం. ఫోర్కుని వైసులో బిగించి, పైపు తొడిగి మెల్లగా వెనక్కి లాగుతుంటే ఆ పిల్ల తండ్రి పక్కనే నిలబడి చూస్తున్నాడు. "బాగుచేసి ఉంచన్నా, మళ్లీ ఎక్కుతానంటుందో లేదో" అన్నాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

మలుపు గురించి కొంచెం చెప్పాలి. మాది కోనసీమలో కాలవ గట్టు ఊరు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరితోటలూ ఇళ్లూ, మధ్యలో అయిదున్నర మీటర్ల తారురోడ్డు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టా కాలవలు నీటి వాలు చూసి తవ్వినవి. పడవలకి తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాక్కెళ్లేవారని మా తాత చెప్పేవాడు. ఆ నడక దారే ఎడ్లబండి బాట అయింది, తర్వాత కంకర రోడ్డు, ఇప్పుడు తారురోడ్డు. కాలవ ఎక్కడ తిరిగితే రోడ్డూ అక్కడే తిరుగుతుంది. నడిచే మనిషికి అది మలుపులా కూడా అనిపించదు. అరవైలో వచ్చే బండికి మాత్రం అవతల ఏముందో తెలీదు.

ఆ మలుపులోనే హైస్కూలు గేటు. గేటుకి ఎదురుగా కాలవ మీద చిన్న వంతెన, దాని పిట్టగోడ సగం ఊడిపోయి ఏళ్లయింది. గేటు పక్కన ఇరవై అడుగుల్లో నా వెల్డింగ్ షాపు.

ఈసారి దండంతో సరిపెట్టుకోకూడదనుకున్నాం. అనుకున్నవాళ్లం ముగ్గురం. లెక్కల మాస్టారు, గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా చేసే కుర్రాడు, నేను. చేసినదీ, చేసి పాడైనదీ ఇందులో రాస్తూ పోతాను. ఇంకో గట్టు ఊరి వాళ్లకి పనికొస్తే సంతోషం.

జూన్ 21

నిన్న రాత్రి కుర్రాళ్లు స్పీడ్ బ్రేకర్ వేసేశారు. ఎవరింటి శ్లాబుకో కలిపిన కాంక్రీటు మిగిలితే తెచ్చి రోడ్డుకి అడ్డంగా పోసి, పారతో గట్టులా చేశారు. పొద్దున్న అయిదున్నరకి పాలాయన బండి దాని మీద ఎగిరి పడింది. రెండు క్యాన్లూ దొర్లి పాలన్నీ గట్టు మీంచి కాలవలోకి కారిపోయాయి. ఆయన మోకాలు చీరుకుపోయింది.

టేపు పెట్టి కొలిచాను. ఎత్తు 19 సెంటీమీటర్లు, వెడల్పు 60. అది బ్రేకరు కాదు, గోడ. మధ్యాహ్నానికి గునపాలతో పగలగొట్టేశాం. కుర్రాళ్లకి కోపం వచ్చింది. "మరి పిల్లలు పడిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా అన్నా?" అని ఒకడు గట్టిగానే అడిగాడు. వాడి చెల్లెలు కూడా ఆ బడికే వెళ్తుంది. వాడి బాధలో తప్పేమీ లేదు.

సాయంత్రం మాస్టారు అందర్నీ షాపు దగ్గర కూర్చోబెట్టారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం గుండ్రటి బ్రేకరు వెడల్పు 3.7 మీటర్లు, నడిమధ్య ఎత్తు 10 సెంటీమీటర్లు. 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వలయంలోంచి కోసిన ముక్కలా ఉండాలి. 25 వేగంలో వచ్చిన బండికి ఇబ్బంది ఉండకూడదు, అంతకు మించితే కుదుపు తెలియాలి. 40 మీటర్ల ముందే బోర్డు ఉండాలి. నేషనల్ హైవే మీదా, స్టేట్ హైవే మీదా వేయకూడదు. ఏ రోడ్డు మీదైనా వేయాల్సింది రోడ్డు ఎవరిదో వాళ్లే, మనం కాదు. మాస్టారు నా షట్టరు మీదే సుద్దముక్కతో లెక్క వేసి చూపించారు. 3.7లో సగం 1.85. దాని వర్గాన్ని 17కి రెట్టింపు అయిన 34తో భాగిస్తే దాదాపు 0.1 మీటరు, అంటే పది సెంటీమీటర్లు. కుర్రాళ్ల మొహాల్లో కోపం పోయి ఆసక్తి వచ్చింది.

నేను వాళ్లని తీసుకుని బడి ఆటస్థలంలోకి వెళ్లాను. మధ్యలో మేకు కొట్టి, 17 మీటర్ల తాడు కట్టి, రెండో కొనతో ముగ్గు గీత గీసి, ఆ గీతకి సరిపోయేలా ఇనుప పట్టీ వంచి అచ్చు తయారు చేశాను. ఎప్పుడైనా ఇక్కడ బ్రేకరు వేస్తే ఈ అచ్చు దాని మీద కూర్చోవాలి. షాపు వెనక గోడకి తగిలించాను.

జూన్ 24

అడగడానికి ముందు కొలవాలని మాస్టారి పట్టు. తిన్నటి రోడ్డు మలుపులోకి వచ్చే చోట అంచున రెండు సున్నం గీతలు గీశాం, మధ్య దూరం 50 మీటర్లు. బండి మొదటి గీత దాటి రెండోది దాటేదాకా ఫోనులో వీడియో. 6 సెకన్లు పడితే గంటకి 30, నాలుగున్నర పడితే 40, మూడే పడితే 60. తొమ్మిదో తరగతి పిల్లలు ఈ మూడూ అట్టముక్క మీద రాసుకుని కూర్చున్నారు. ఆటోలు నలభై దాటలేదు. మోటారు సైకిళ్లలో సగానికి పైగా యాభై దాటాయి. చేపల లారీ ఒకటి సరిగ్గా మూడు సెకన్లలో వెళ్లిపోయింది, దాని వెనక నీళ్లు కారి రోడ్డు తడిసింది.

తర్వాత చూపు కొలిచాం. ఏడో తరగతి పిల్ల ఎత్తుకి ఒక కర్ర కోసి గేటు ముందు రోడ్డంచున పట్టుకున్నాను. మాస్టారు బండి మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తులో, అంటే 1.2 మీటర్ల దగ్గర గుర్తు పెట్టిన ఇంకో కర్రతో రోడ్డు వెంట వెనక్కి నడిచారు. నా కర్ర కనపడకుండా పోయిన చోట ఆగారు. టేపు లాగితే 38 మీటర్లు.

అరవైలో వచ్చే బండి సెకనుకి 16.7 మీటర్లు దాటుతుంది. నడిపేవాడు చూసి, తేరుకుని, బ్రేకు నొక్కడానికి మన రోడ్ల లెక్కల్లో రెండున్నర సెకన్లు ఇస్తారు. ఆ రెండున్నర సెకన్లకే దాదాపు 42 మీటర్లు అయిపోతాయి. అంటే బ్రేకు పడకముందే బండి పిల్లని దాటేస్తుంది. 60 వేగానికి 80 మీటర్ల చూపు కావాలి, 50కి 60 మీటర్లు, 40కి 45. మాకున్న 38 నలభైకి కూడా చాలదు.

ఆ రోజు గుద్దిన అబ్బాయి తాగి లేడు, ఫోనులో లేడు. "కనపళ్లేదండీ, నిజంగా కనపళ్లేదు" అని ఒకటే ఏడుపు. మేమెవరం నమ్మలేదు. నేను చొక్కా కూడా పట్టుకున్నాను.

కనపడకుండా అడ్డం ఏమేం ఉన్నాయో వరసగా చూశాం. పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి. నేరేడు చెట్టు కింది కొమ్మలు. మూడోది నా షాపు ముందు రేకుల పందిరి. వర్షాకాలంలో పని ఆగకుండా ఆరేళ్ల కిందట రోడ్డు మార్జిన్‌లోకి రెండున్నర మీటర్లు జరిపి వేసుకున్నాను, దాని కింద పాత ఇనుము కుప్ప. మాస్టారు ఆగిన చోట నేనూ నిలబడి చూశాను. ఎదురుగా కనపడేది నా పందిరి అంచే. మాస్టారు ఏమీ అనలేదు. రాత్రి అన్నం సయించలేదు.

జూన్ 29

పందిరి కోసేశాను. గ్రైండరుతో నాలుగు స్తంభాలూ మొదట్లో కోస్తే ఒక గంట పని. మా ఆవిడ ఒక్క మాట అనకుండా ఇనుప కుప్ప ఎత్తడానికి చెయ్యేసింది. ఫ్లెక్సీ కట్టినవాళ్లే వచ్చి విప్పుకున్నారు. నేరేడు కొమ్మలు కొబ్బరి దింపు తీసే మావయ్య కొట్టి పెట్టాడు. చెట్టు జోలికి వెళ్లలేదు, తలెత్తు దాకానే.

మళ్లీ కర్రలతో కొలిచాం. 64 మీటర్లు. రూపాయి ఖర్చు లేకుండా 26 మీటర్లు వచ్చాయి. ఇప్పుడు యాభైలో వచ్చేవాడికి చూపు సరిపోతుంది. అంతకు మించి వచ్చేవాడిని తగ్గించాలి.

జూలై 7, సోమవారం

కలెక్టరేటులో అర్జీ ఇచ్చాం. కాలవ గట్టు ఒక శాఖది, దాని మీద తారు ఇంకో శాఖది, వీధి దీపం పంచాయతీది, దీపం వేలాడే స్తంభం కరెంటు వాళ్లది. అందుకని ఒకే అర్జీ నాలుగు కాపీలు తీసి, ఎవరి పని కింద వాళ్లకి గీత గీశాం. "రోడ్డు బాగు చేయండి" అని రాస్తే ఏ టేబుల్ మీదా నిలవదని సచివాలయం కుర్రాడి అనుభవం. ఎక్కడ, ఎన్ని మీటర్లు, ఏం కావాలి అని రాశాం. రెండు చేతి గీతల పటాలు, వేగాల అట్టముక్క ఫోటో జతచేశాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క కూడా ఒకటి పెట్టాం. 2022లో దేశంలో రోడ్డు మీద పోయినవాళ్లు 1,68,491 మంది, అందులో నడిచి వెళ్లేవాళ్లు 32,825. చనిపోయిన ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు ఏ బండీ ఎక్కనివాళ్లు.

రశీదు జాగ్రత్తగా దాచాను.

ఆగస్టు 2

రోడ్డు చూసే ఏఈ గారు, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, వచ్చారు. నేను అప్పటికే రెండంగుళాల ఇనుప పైపులు ఇరవై కోసి, అడుగున ప్లేట్లు అతికించి, రెడాక్సైడ్ కూడా కొట్టి ఉంచాను, గట్టు అంచున కాంక్రీటులో పాతేద్దామని. చూపించగానే ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఇనుప స్తంభం కాంక్రీటులో పాతితే రేపు బండి జారినవాడి తల దానికే తగులుతుందండీ. అంచు చూపించడానికి ఇనుము ఎందుకు? మనిషి తగిలితే వంగాలి, విరగాలి. వంతెన దగ్గర మాట వేరు, అక్కడ కాలవలో పడకుండా ఆపాలి. దానికి గోడే కావాలి."

పదిహేనేళ్లుగా గట్టిగా ఉండటమే మంచిదని నమ్ముతూ పని చేశాను. ఈ మాట నాకు కొత్త. ఆ పైపులు పశువుల పాకకి అమ్మేశాను.

జీబ్రా గీతల గురించి ఇంకో మాట చెప్పారు. గేటు మలుపులో ఉంది కాబట్టి గేటు ఎదురుగానే గీతలు వేస్తే పిల్లలకి ధైర్యం వస్తుంది గానీ డ్రైవరుకి చూపు రాదు, అది ఏమీ లేకపోవడం కంటే ప్రమాదం. గీతలు రెండు పక్కలా దూరం నుంచి కనపడే చోట, మలుపు దాటి 70 మీటర్ల అవతల వేయాలి. "పిల్లలు అంత దూరం నడిచి దాటుతారాండీ?" అని అడిగాను. "దాటరు" అని ఆయనే ఒప్పుకున్నారు. ముగ్గురం బడి గోడ వైపు చూశాం. గోడ ఆ 70 మీటర్లూ ఉంది, గేటే తప్పు చోట ఉంది.

ఆగస్టు 17

గట్టు అంచు చూపించే గుంజలు తయారయ్యాయి, ఈసారి ఇనుము కాదు. నాలుగంగుళాల పీవీసీ పైపు, నేల పైన 90 సెంటీమీటర్లు, నలుపూ తెలుపూ పట్టీలు, పైన అరచేతి వెడల్పున మెరిసే టేపు. మనం రేడియం స్టిక్కర్ అంటాం గానీ అందులో రేడియం ఏమీ ఉండదు. చిన్న చిన్న గాజు పూసలో, పట్టకాల్లాంటి అద్దాలో పొదిగి ఉంటాయి. మామూలు తెల్ల రంగు మీద పడిన వెలుతురు చెల్లాచెదురు అవుతుంది. ఈ టేపు మీద పడింది ఎటునుంచి వచ్చిందో అటే తిరిగి వెళ్తుంది. అందుకే హెడ్‌లైట్ వేసినవాడి కళ్లకే నిప్పులా కనపడుతుంది, పక్కన నిలబడినవాడికి బూడిద రంగు ముక్క.

మొత్తం 16 పాతాం, మట్టిలోనే. రాత్రి ఎనిమిదింటికి బండి మీద దూరం వెళ్లి తిరిగి వచ్చాను. కాలవ ఎటు తిరుగుతోందో మొదటిసారి చీకట్లో మలుపు మొత్తం కనపడింది. కాసేపు బండి ఆపి చూస్తూ ఉండిపోయాను.

ఆ అమ్మాయి కట్టు విప్పారు. సైకిలు తీసుకెళ్లింది. ఎక్కలేదు, నడిపించుకుంటూ వెళ్లింది.

సెప్టెంబరు 9

నాలుగు గుంజల మీద టేపు ఊడింది. తప్పు నాదే, పైపుని థిన్నరుతో తుడవకుండా అంటించాను. కొత్త పైపు మీద కంటికి కనపడని జిడ్డు పొర ఉంటుంది. మళ్లీ అంటించేటప్పుడు తుడిచి, ఎండలో పెట్టి, వెచ్చగా ఉండగా అంటించాను. రెండు గుంజల్ని ట్రాక్టరు పడగొట్టింది. అవి విరిగాయి, ట్రాక్టరుకి గీత కూడా పడలేదు. ఏఈ గారి మాట అర్థమైంది.

సెప్టెంబరు 26

రాత్రి పదిన్నరకి వంతెన దగ్గర బయటూరి అబ్బాయి బండి జారి పడ్డాడు. తల మీద దెబ్బ, హెల్మెట్ లేదు. చుట్టూ ఏడెనిమిది మంది చేరాం, ముట్టుకోవడానికి మాత్రం అందరికీ టెన్షన్. పోలీసు కేసు, సాక్ష్యం, కోర్టు చుట్టూ తిరగడం. సచివాలయం కుర్రాడు గట్టిగా అరిచాడు, "2019లో మోటారు వాహనాల చట్టం మార్చారండీ, 134ఎ సెక్షన్. సాయం చేసినవాడిని పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు." నేను 108కి ఫోన్ చేశాను. మెడ కదపకుండా తల రెండు పక్కలా చేతులు పెట్టి పట్టుకోమని వాళ్లు ఫోనులోనే చెప్పారు. అంబులెన్సు వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను. వాడు వాళ్లమ్మ ఫోన్ నంబరు పదే పదే చెబుతూనే ఉన్నాడు. బతికాడు.

134ఎ సంగతి తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి షట్టరు మీద అతికించాను.

అక్టోబరు 4

దసరా సెలవుల్లో గేటు పని అయిపోయింది. నా చేతికి అచ్చంగా అందిన పని ఇదొక్కటే, అందుకే మనసు పెట్టి చేశాను. హెడ్మాస్టారు గారికి మొదట్లో భయం, గోడ కొడితే పశువులు వస్తాయి, రెండు గేట్ల దగ్గర ఎవరు కాపలా ఉంటారని. పిల్లల తల్లిదండ్రుల కమిటీలో రెండుసార్లు మాట్లాడాక ఒప్పుకున్నారు. పాత గేటు వాహనాలకే, తాళం వేసి ఉంచాలి. పిల్లలంతా గోడ ఆ చివర పెట్టిన కొత్త గేటు నుంచే.

కొత్త గేటు 1.8 మీటర్ల వెడల్పు. లోపలికి తెరుచుకునేలా బిగించాను, రోడ్డు మీదకి కాదు. బెల్లు కొట్టగానే పిల్లలు బాణాల్లా వస్తారు. అందుకని గేటు బయట రెండు మీటర్ల దూరంలో నడుము ఎత్తు కమ్మీలు అడ్డంగా పెట్టాను, పక్కకి తిరిగి రావాలి. ఆ రెండడుగుల తిరుగుడులో వాళ్లు రోడ్డు వంక చూస్తారు. కమ్మీల కొసలు గుండ్రంగా వంచి అతికించాను, చొక్కాలు తగులుకోకుండా.

నవంబరు 30

సార్వా కోతలు. ఇది రాయడం కష్టం, ఎందుకంటే రోడ్డు మీద ధాన్యం పోసేవాళ్లు నా బంధువులు, నా అప్పులు తీర్చినవాళ్లు.

తేమ 17 శాతం దాటితే ధాన్యం కొనరు. కోత మిషను వచ్చాక గింజ పచ్చిగానే సంచుల్లోకి వస్తోంది. పాతరోజుల్లో పనలు చేలోనే ఆరేవి, కుప్ప వేసి, కళ్లంలో నూర్చేవాళ్లు. ఇప్పుడు కళ్లాలన్నీ రొయ్యల చెరువులో ఇళ్లో అయ్యాయి. గింజ ఆరేంతగా వేడెక్కేది తారురోడ్డు ఒక్కటే. అందుకని సగం రోడ్డు ధాన్యం. దాని అంచున బండ్లు ఎక్కకుండా రాళ్లు. సాయంత్రం ధాన్యం కుప్ప చేసి నల్ల బరకం కప్పేస్తారు. మంచులో, చీకట్లో, నల్ల రోడ్డు మీద నల్ల బరకం. ధాన్యం ఎత్తేశాక రాళ్లు అక్కడే ఉండిపోతాయి. పిల్లలేమో మిగిలిన సగం రోడ్డులో బండ్లతో పాటు నడుస్తారు.

మొన్న మా బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆయన ధాన్యంలో కాలితో చాళ్లు తీస్తున్నాడు. మలుపులో పోయొద్దని చెప్పాను.

"గింజ తడిస్తే నా కొంప మునుగుతుందిరా. ఎక్కడికి పొమ్మంటావు? నీ పందిరి కోసుకున్నావు, బానే ఉంది. నా పంట ఎక్కడ కోసుకోను?"

నాకు జవాబు లేదు. ఇంటికి వచ్చేశాను.

డిసెంబరు 7

జవాబు వెతికాం. ధాన్యం రోడ్డు మీద పోయొద్దని బోర్డు పెడితే ఎవరూ వినరు, వినకూడదు కూడా, వాళ్లకి వేరే చోటు లేదు. మలుపుకి రెండు వైపులా వంద మీటర్లు మాత్రం వదిలేయాలని అడిగాం. బదులుగా శని ఆదివారాలు బడి ఆటస్థలం, మిగతా రోజులు గుడి వెనక స్థలం. మా దగ్గర చందాలో మిగిలిన డబ్బుతో పెద్ద బరకాలు మూడు కొని అక్కడ పెట్టాం. రాళ్లకి బదులు ఊక నింపిన తెల్ల సంచులు, వాటి మీద టేపు ముక్క. చక్రం ఎక్కినా బండి పడదు. కుప్పల నాలుగు మూలలా రాత్రికి నా పీవీసీ ముక్కలు నిలబెట్టడం.

బాబాయి మొదట తలాడించలేదు. మర్నాడు పొద్దున్న చూస్తే ఆయన ధాన్యం గుడి వెనక ఉంది. అటు వెళ్లి కాసేపు ఆయనతో పాటు చాళ్లు తీశాను. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

అందరూ మారలేదు. మలుపులో ఇంకా రెండు కుటుంబాలు పోస్తున్నాయి. చీకటి పడేలోగా రాళ్లు ఏరడం ఎనిమిదో తరగతి పిల్లలు వంతులు వేసుకున్నారు.

జనవరి 4

జీబ్రా గీతలు వేశాం, రాతపూర్వకంగా అనుమతి వచ్చాక. ధనుర్మాసం కదా, తెల్లారుజామున నాలుగున్నరకే అమ్మలు ముగ్గులు వేస్తుంటారు. కొంతమంది రోడ్డంచున, మంచులో, వీపు బండ్ల వైపు పెట్టి కూర్చుంటారు. వాళ్ల పక్కన కూడా మన గుంజ ఒకటి పెట్టుకోమని ఇంటింటికీ ఇచ్చాను.

గీతల లెక్క తేలికగా కుదిరింది. రోడ్డు 5.5 మీటర్లు. గీత అర మీటరు, ఖాళీ అర మీటరు, ఆరు తెల్ల గీతలు, అయిదు ఖాళీలు. ఒక్కో గీత పొడవు 3 మీటర్లు. తిన్నగా గీయడమే మాకు రాలేదు. సుద్దతాడు ఒకళ్లు పట్టుకుంటే ఇంకొకళ్లది వంకర. ముగ్గు వేస్తున్న పెద్దమ్మ ఒకావిడ చూసి చూసి వచ్చింది. తాడు తడిపి ముగ్గుపిండిలో దొర్లించి, రెండు కొనలూ బిగించి మధ్యలో పట్టి వదిలింది. టప్‌మని తెల్లటి గీత పడింది, వెంట్రుకంత తేడా లేకుండా. ఆరు గీతలూ ఆవిడే కొట్టించింది. మేం రంగు వేశాం, తడి ఆరకముందే గాజు పూసల పొడి చల్లాం.

జనవరి 19

పండక్కి హైదరాబాదు నంబరు కార్లు చాలా వచ్చాయి. కనుమ నాడు ప్రభల తీర్థానికి జగ్గన్నతోట వైపు జనం, ట్రాక్టర్లు. మలుపులో ఏమీ జరగలేదు.

ఫిబ్రవరి 14

శనివారం. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్లు శుక్రవారం రాత్రి నుంచే మా రోడ్డు మీద నడుస్తారు, చాలామంది ముదురు రంగు దుస్తుల్లో, రోడ్డుకి ఎడమ పక్కన, వెనక వచ్చే బండి కనపడకుండా. నిన్న రాత్రి షాపు ముందు కుండలో మంచినీళ్లు పెట్టి, ఆగినవాళ్ల సంచులకీ చెప్పుల మడమలకీ టేపు ముక్కలు అంటించాం. మడమకి అంటిస్తే అడుగు అడుగుకీ పైకీ కిందకీ కదులుతుంది, మనిషి నడుస్తున్నట్టు దూరం నుంచే తెలుస్తుంది. కుడి పక్కన నడవమని, ఎదురొచ్చే బండిని చూస్తూ వెళ్లమని ఒక్కొక్కరికీ చెప్పాం. ఒక ముసలాయన "గోవిందా" అని నా తల మీద చెయ్యి పెట్టాడు.

మార్చి 20

మలుపుకి రెండు వైపులా బ్రేకర్లు పడ్డాయి, ముందు బోర్డులతో సహా. రోడ్డు వేసే మేస్త్రీకి నా అచ్చు తెచ్చి చూపించాను. మొదటిది తారు వేడిగా ఉండగా అచ్చు పెడితే మధ్యలో మూడు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది. మాట్లాడకుండా రోలరు మళ్లీ తిప్పించాడు. రెండోది మొదటిసారే కూర్చుంది. తెల్లారి పాలాయన రెండు క్యాన్లతో దాని మీంచి వెళ్లాడు, మూత కూడా కదల్లేదు.

సాయంత్రం మళ్లీ సున్నం గీతలు. ఈసారి ఫోను పట్టుకున్నది ఆ సైకిలు అమ్మాయే. ఒక్కో బండికీ అంకె గట్టిగా చదివింది. నాలుగున్నర సెకన్ల కంటే తక్కువ పట్టినవి రెండే, రెండూ మోటారు సైకిళ్లు. వాళ్లిద్దరూ మా ఊరి కుర్రాళ్లేనని తేలింది. వాళ్లతో మాట్లాడే పని మాస్టారిది.

ఏప్రిల్ 19

కాలవకి నీళ్లు కట్టేశారు. అడుగున బురద, పగిలిన పడవ చెక్క ఒకటి, ఎవరిదో హెల్మెట్. వంతెన పిట్టగోడకి మంజూరు వచ్చింది. ఊడిన భాగం కొలిచాం, 11 మీటర్లు. నీళ్లు లేకపోతే పడే లోతు ఇంకా ఎక్కువ, అందుకని పని అయ్యేదాకా ఇసుక బస్తాలు మూడు వరసలు పేర్చాం, టేపు చుట్టాం. నీళ్లు వదిలేలోగా పునాది పోయాలి. ఇనుప కడ్డీలు వంచే పని నాకు అప్పగించారు. రేపు పొద్దున్న ఆరింటికి మేస్త్రీ వస్తానన్నాడు, మావయ్య కొబ్బరిబొండాలు దింపి ఉంచుతానన్నాడు.